సముద్రానికి ఉప్పు చూసిన రోజు

నడిసముద్రంలో ఓడ ఇసుకలో దిగబడితే దిగి తోయొచ్చా, తోయకూడదా? ఎవరు చెప్తారు? పవన్, అరవకూడదు, చెయ్యెత్తి చెప్పాల.

"తోయొచ్చవ్వా. మొన్న పుల్లలచెరువు బస్సును తోసినాం గదా!"

బస్సుకు చక్రాలుంటాయి నాయనా, ఓడకు ఉండవు. ఆ తేడా గుర్తుపెట్టుకొని వినండి. ప్రశాంతీ, నువ్వు ఇంకా జాగ్రత్తగా విను. ఎందుకంటే నన్ను మళ్లీ ఓడెక్కించాల్నా వద్దా అని మీ నాయన ఈ పొద్దే తేల్చేస్తానన్నాడు. డాక్టరు నా మోకాళ్లకు రెస్టు చెప్పినాడని పోయినేడు అంత ఖర్చు పెట్టి చెన్నైలో ఓడెక్కిస్తే, నేను అక్కడ రెస్టే తీసుకోలేదని ఆయన అనుమానం. నా మాట నమ్మడు, మీ మాటైతే నమ్ముతాడు. అందుకని నేను ఎంత రెస్టు తీసుకున్నానో చెప్తా. సాక్ష్యానికి ఇదిగో, అజీజున్నీసా ఉంది. నాతోపాటే రిటైరైన టీచరు, ఓడలో ఇద్దరిదీ ఒకటే రూము. ఏం అజీజా?

"ఊఁ," అనింది అజీజున్నీసా. నోట్లో వక్కాకు ఉంది.

ఓడ ప్రయాణంలో సీ డే అని ఒక రోజు వస్తుంది. అంటే ఏంది? ఆ రోజు ఏ ఊరూ తగలదు. దిగేది లేదు, చూసేది లేదు. తినాల, పండుకోవాల, అంతే. నేను పొద్దున్నే లేసి, ఇంక రోజంతా పండుకోవాలని గట్టిగా నిర్ణయం చేసుకొని, పండుకునే ముందు మొహం కడుక్కుందామని కొళాయి తిప్పినా. నీళ్లు వచ్చినాయి. రూము సర్దే ఆయనను "ఎంతసేపు వస్తాయి నాయనా?" అని అడిగితే, "రోజంతా వస్తాయి మేడమ్" అని నవ్వినాడు. మన మార్కాపురంలో ఆ మాట చెప్పినోళ్లను ఎంతమందిని చూసినాం? నమ్మి కూచోవాల్నా, పట్టుకోవాల్నా?

"పట్టుకోవాల!" అన్నారు ఇద్దరూ.

అదీ. బకెట్టు లేదు. ఐసు గిన్నె నింపినా, టీ కెటిలు నింపినా, పూలకుండీ నింపినా, చెత్తబుట్ట కడిగి అది కూడా నింపినా. ఇదేమన్నా పనా? నీళ్లు వాటంతట అవే పడుతుంటే నేను ఊరికే నిలబడినా. నిలబడ్డం కూడా రెస్టే.

ఆ తర్వాత ఏమైందో తెలుసా? తలుపు తెరిచి ఉందా, ఎదురు రూము తమిళామె చూసింది. నీళ్లు ఆగిపోతాయని ప్రకటన వచ్చిందేమో అనుకొని ఆమె పట్టింది. ఆమెను చూసి పక్క రూమోళ్లు. కాసేపట్లో ఎవరి రూములో వాళ్లకు కొళాయి ఉందన్నది కూడా మరిచిపోయి అన్ని అంతస్తుల్లోనూ తోపులాట, నాది ముందంటే నాది ముందని. అప్పుడు నేను కుర్చీ తెప్పించుకొని కూచొని, గమనించండి, కూచొని, పొట్టివాళ్లు ముందు, పొడుగువాళ్లు వెనక, చెయ్యి చాచి దూరం, అని బడిలో ప్రార్థనకు నిలబెట్టినట్లు లైను కట్టించినా. లైను ఎంత పొడుగంటే, చివరనున్నోళ్లు కనపడక కెప్టెను దగ్గర బైనాక్యులర్లు అడిగి తెప్పించుకున్నా.

"ఓడ కంటే లైను పొడుగెట్ల ఉంటుందవ్వా?" అనింది ప్రశాంతి.

మలుపులు తిప్పినా తల్లీ. మంచి ప్రశ్న. ఇంక గిన్నెలైపోయినాయి, వంటింట్లో గంగాళాలైపోయినాయి. బ్యాండు వాళ్లు డోళ్లు తిరగేసి పట్టినారు. పియానో మూత లేపి పట్టినారు. ప్రమాదమొస్తే దిగిపోయే చిన్న పడవలుంటాయి చూడు, అవి నింపి, దోమలు పడకుండా పైన గుడ్డ కట్టినారు.

ఇప్పుడొక పాఠం. ఓడలో నీళ్లు ఎక్కడివి? అక్కడికి ట్యాంకరు రాదు గదా. సముద్రం నీళ్లే తోడి, ఉప్పు తీసేసి, కొళాయిలకు వదులుతారు. అట్లయితే మనం పట్టేకొద్దీ సముద్రం ఏమవుతుంది?

"తగ్గుతుంది!"

శభాష్ పవన్. భోజనాల వేళకు నడుముల్లోతుకు దిగింది. టీల వేళకు మోకాళ్లలోతు. అడుగున ఇసుక కరకరమని, ఓడ నిలబడిపోయింది. చేపలు బస్టాండులో జనం మాదిరి తోకల మీద నిలబడి ఎదురుచూస్తున్నాయి. ఒక తిమింగలమైతే కప్పుకోవడానికి నీళ్లు చాలక సిగ్గుపడి పక్కకు తిరుక్కునింది.

కెప్టెను టోపీ చంకలో పెట్టుకొని వచ్చి, "మేడమ్, దిగి తోయమంటారా?" అన్నాడు. అదిగో, మిమ్మల్ని అడిగిన ప్రశ్న. తోసినారు. కదల్లేదు. ఎందుకు? చక్రాల్లేవు. "అయితే పట్టిన నీళ్లు తిరిగి పోసేయండి" అన్నాడు. పట్టుకున్న నీళ్లు ఎవరన్నా పారబోస్తారా? మీ అమ్మ పారబోయనిస్తుందా?

"చంపుతాది," అన్నాడు పవన్.

ఓడలోనూ అంతే. ఒక్కరు కూడా ఒప్పుకోలేదు. అప్పుడు నేను కుర్చీలోంచి లేవకుండానే చెప్పినా, పారబోయొద్దు, వాడుకోండి అని. డెక్కంతా చిమ్మించి, నీళ్లు చల్లించి, ముగ్గు పెట్టించినా. కర్టెన్లు ఉతికించినా. కెప్టెను చొక్కా కాలరు మాసి ఉంటే విప్పించి ఉతికించినా. వాడిన నీళ్లు ఏడికి పోతాయి? సముద్రంలోకే. సముద్రం పెరిగింది, ఓడ లేసింది, అందరూ చప్పట్లు.

కానీ ఒక తప్పు మిగిలిపోయింది. ఏందది? ఉప్పు తీసేసినాం గదా! సముద్రం చప్పబడింది. చేపలు నోరు చప్పరించి మొహాలు పక్కకు పెట్టుకున్నాయి. వంటింట్లో ఉప్పు మూటలన్నీ సముద్రంలో కుమ్మరించి, గరిటెతో కలిపించి, చేతిలో రెండు చుక్కలు వేయించుకొని రుచి చూసి, "ఇంకొక్క పిడికెడు" అన్నా. ఈ పొద్దుకీ బంగాళాఖాతంలో ఏడ వేలు ముంచి నాక్కున్నా ఉప్పు సరిగ్గా సరిపోయి ఉంటుంది. అంతా కూచొనే చేసినా. ఇంతకంటే రెస్టు ఏముంటుంది? ఏం అజీజా?

అజీజున్నీసా లేసి పోయి, వక్కాకు ఉమ్మి, నోరు పుక్కిలించుకొని వచ్చి కూచునింది.

"పిల్లల్లారా, నీళ్లు పట్టింది మా ఒక్క రూములోనే. మధ్యాహ్నం ఓడ కొంచెం ఒరిగింది. చెత్తబుట్ట పడింది, పూలకుండీ పడింది, నా సూట్‌కేసు తేలింది. తుడిచేదానికి ఒకాయన వచ్చినాడు. గుడ్డ సరిగ్గా పిండటంలేదని ఆయన చేతిలోంచి లాక్కొని, మీ అవ్వ మా రూము, ఎదురు రూము, నడవ మొత్తం తుడిచింది. తోబా, అబద్ధమెందుకు, కుర్చీ సంగతి మాత్రం నిజమే. దాంట్లో ఆయన కూచున్నాడు."

"అయితే అవ్వ పండుకోలేదా?" అనింది ప్రశాంతి.

"మంచం మీద వాళ్లు పెట్టిన దుప్పటి మడత విప్పకుండానే ఓడ దిగింది బేటీ."

అంతలో ప్రశాంతి ఫోను మోగింది. వాళ్ల నాయన. ఆ పిల్ల నా మోకాళ్ల వైపు చూసింది, మొహం వైపు చూసింది, ఫోను చెవి దగ్గర పెట్టుకునింది.

"అవ్వా? పండుకొని ఉంది నాయనా. ఓడ దిగినప్పటి నుంచి అదే అలవాటైపోయింది. లేపమంటావా?"

మేడ మీద మిరపకాయలకు తొడిమలు సగమే తీసి వచ్చినా. గాజులు మోగకుండా ఒక చేత్తో పట్టుకొని, చెప్పులు ఇంకో చేతిలోకి తీసుకొని, మెల్లగా మెట్లెక్కినా.