ఒక్క సిపాయీ చావని ఆట

సూరత్ ఖటోదరాలో మేం పనిచేసే ఖాతా, అంటే సాంచెలనే మరమగ్గాల షెడ్డు, మూతపడబోతోంది. పాత సాంచెలన్నీ తుక్కు కింద అమ్మేసి సేటు కొత్త మిషన్లు తెప్పిస్తున్నాడు. నలభై మంది చేసే పని ఇక ఎనిమిది మంది చేస్తారట. ఆ ఎనిమిది మంది ఎవరో పొద్దున తొమ్మిదింటికి చెబుతామన్నారు. మేం రాత్రి షిఫ్టు దిగి, ఇళ్లకు పోకుండా ఓంప్రకాష్ చాయ్ బండి దగ్గర కూలబడ్డాం. తొమ్మిదిదాకా ఊరికే కూర్చోలేని వాళ్లకు గంగారాం దొరికితే చాలు. సూరత్‌లో పంతొమ్మిదేళ్లుగా సాంచెలు నడుపుతున్నాడు, పంతొమ్మిదేళ్లుగా కోతలు కోస్తున్నాడు, రెండింటికీ నాగా లేదు. పదిహేను రోజులుగా ఒకటే పాట: సేటును చదరంగంలో ఓడించి మా పనులు నిలబెట్టాడట.

“ముందుగాల చదరంగం డబ్బ సంగతి ఇనుండ్రి,” అని మొదలుపెట్టాడు. “సేటు మనుమనికి సదువు మీద మనసు నిలుస్తలేదని డాక్టరు చదరంగం ఆడిపియ్యమన్నడట. దిమాకు తేటైతది, యాది నిలుస్తది, ఓపిక వస్తది, కోపం దిగుతది, అన్నీ ఒక్క ఆటల్నే. సేటు నన్ను పిలిచి, ‘గంగారాం భాయ్, కట్టె సంగతి నీకెరుక, మంచి సెట్టు ఏరుకరా’ అన్నడు. పోయిన. దుకాణపోడు ముందు ప్లాస్టిక్‌ది పెట్టిండు, ఫ్యాను గాలికి రాజు కిందపడ్డడు. గాలికి పడేటోడు రాజెట్లయితడు, తియ్యి అన్న. పాలరాయిది పెట్టిండు. పోరగాడు ఒక్కపారి ఇడిస్తె గుర్రం మెడ ఇరుగుతది, అదీ తియ్యి అన్న. ఇగ శీషం కట్టెది తెచ్చిండు. గుర్రాన్ని చూస్తె పనోని చెయ్యి తెలుస్తది. మిగిలినయి మిషన్ మీద తిరుగుతయి, గుర్రాన్ని మాత్రం చేతితోనే చెక్కాలె. అడుగున బరువుండాలె, మఖ్మల్ అతికి ఉండాలె, ఒక్క గడిల నాలుగు సిపాయిలు ఇముడాలె. ఆ మఖ్మల్‌ను ఏలుతోని రాసి, ఏ ఊరి సాంచె మీద నేసిండ్రో చెప్పిన. దుకాణపోడు లేచి నిలబడ్డడు.”

“గింతదాక బాగనే ఉంది బావా,” అన్నాడు రాజనర్సు. నా పక్క వరసలో సాంచెలు నడుపుతాడు.

“ఆ తర్వాత ఏమైందో తెలుసా? గుర్రాన్ని ఏలుతోని పడగొట్టిన. అదే లేచి నిలబడ్డది.”

“సకిలించలేదా?”

“దుకాణంల మంది ఉన్నరని ఊకున్నది. సరే, డబ్బ తీసుకొని ఆల్థాన్‌ల సేటు ఇంటికి పోయిన. పదకొండో అంతస్తు, లిఫ్టుల పోయిన. సేటు తానే తలుపు తీసి, సోఫాల కూసుండబెట్టి, ‘ఒక్క ఆట ఆడుదాం దా’ అన్నడు.”

“గప్పుడే నా పేరు చెప్పినవా మామా?”

అడిగింది మల్లేష్. గంగారాంకు అల్లుడి వరస, ఇరవై ఆరేళ్లవాడు, భార్య జమునకు ఏడో నెల. సూరత్ పక్కనే ఉన్న సచిన్‌లో ఇంకో ఖాతావాళ్లు పన్నెండు సాంచెలు ఇస్తామని వాణ్ని పిలిచారు. ఇక్కడ కాయితాలూ సంతకాలూ ఉండవు, అంతా నోటిమాటే. వద్దంటే ఆ సాంచెలు అదే రోజు ఇంకొకరికి పోతాయి. వాళ్లకు వాడేం చెప్పాడో మాకు తెలియదు.

“జర ఆగు రా, నీ పేరు ముంగటున్నది. ఇగ ఆదివారం ఆదివారం ఆట. నెలదాటేసరికి నా దిమాకు ఎట్లయిందంటె, పన్నెండు సాంచెల మీద ఏ పోగు ఎప్పుడు తెగుతదో ముందే తెలుస్తున్నది. తెగకముందే ముడేస్తున్న. కండ్లద్దాలు ఇడిసిపెట్టిన. పంతొమ్మిదేండ్లల్ల నేసిన బట్టంత మీటరు మీటరు యాదికొస్తున్నది, ఏ తాను ఎవ్వని పెండ్లిల పరుపయిందో గూడ. మొన్న ఇక్కడ చాయ్ తాగుకుంటనే లోపటున్న నా ఏడో సాంచెను ఆపిన. ఊకె మనసుల అనుకున్న, ఆగింది.”

“కరెంటు పోయింది బావా. అందరియి ఆగినయి.”

“మీయి గూడ నేనే ఆపిన.”

నవ్వాం. మల్లేష్ నవ్వలేదు. “చాచా, ఠండీ హో రహీ హై,” అని ఓంప్రకాష్ చల్లారిపోతున్న చాయ్ చూపించినా గంగారాం ముట్టుకోలేదు.

“సేటు ఏడు వారాలు ఓడిండు. రోషానికొచ్చి అహ్మదాబాద్ నుంచి ఒగన్ని పిలిపిచ్చిండు, పదకొండు ఎత్తులకే ఆటకట్టు. ముంబై నుంచి ఇద్దరొచ్చిండ్రు. ఇద్దరితోని ఒక్కపారే ఆడిన, కండ్లకు దస్తీ కట్టుకొని. ఆ తర్వాత ఏమైందో తెలుసా? రష్యా నుంచి తెల్లోడొచ్చిండు, వాని ఎంట కంప్యూటరు. ఆ కంప్యూటరుకు చెమటలు పట్టినయి, తువ్వాల నేనే ఇచ్చిన. గప్పుడు సేటు, ‘గంగారాం భాయ్, తెల్లోనితోని ఇదే ఆఖరాట, ఖాతా పందెం’ అన్నడు. నేనేమన్న? ‘నా సిపాయిలెనిమిది, నా మనుషులెనిమిది, ఒక్క సిపాయి చచ్చినా నేను ఓడినట్టే’ అన్న. ఒక్కొక్కనికి మన పేర్లు పెట్టిన. ఏనుగు ముంగట రాజనర్సు, ఒంటె ముంగట నువ్వు.” ఆ ఒంటె ముందువాణ్ని నేను.

“నేనేడున్న?” అన్నాడు మల్లేష్.

“రాజు ముంగటోనివి రా అల్లుడా! అందరికన్న ముందు నడిపిచ్చింది నిన్నే. తెల్లోని వజీరు నీ మీదికొచ్చింది. నిన్ను కాపాడెతందుకు నా వజీరునిచ్చిన, ఏనుగులనిచ్చిన, గుర్రాలనిచ్చిన, ఒంటెలనిచ్చిన. ఇగ మిగిలింది ఉత్త రాజు, ఎనిమిది సిపాయిలు. ఎవ్వడన్న గట్ల ఆడుతడా? ముందుగాల సిపాయిలనే చంపుకుంటరు, దునియా రివాజు. నేను ఉల్టా ఆడిన. ఎనిమిదికెనిమిది ఆఖరు గడికి చేరి వజీర్లయినయి. తెల్లోడు ఏడ్చుకుంట నా కాళ్లు మొక్కిండు. సేటు నా చెయ్యి పట్టుకొని...”

“నిన్న నేను ఆల్థాన్ పోయిన, మామా.”

మల్లేష్ గొంతు పెంచలేదు. గంగారాం చెయ్యి ఇంకా గాలిలోనే ఉంది.

“నా పని నిలబెట్టినందుకు సేటుకు దండం పెట్టుకొని వద్దామని పోయిన. జమున లడ్డూలు చేసిచ్చింది. గేటుకాడి వాచ్‌మన్‌కు నువ్వు యాదున్నవు. ఒక్కపారే వచ్చినవట. డబ్బ వాచ్‌మన్ చేతికే ఇచ్చి పొమ్మన్నరట. సేటును కలిసే పోతనని పొద్దటిసంది మధ్యాన్నం దాక మెట్ల మీద కూసున్నవట. ఎవ్వరు పైకి పిలువలేదట. నేను ఆడ ఉండంగనే మన గుమాస్తా వచ్చిండు, లిస్టు ఆయన చేతులనే ఉండె. అడిగితే చూపిచ్చిండు. నా పేరు లేదు. నీది గూడ లేదు.”

అంటే వీడికి నిన్ననే తెలుసు. తెలిసి రాత్రంతా సాంచెలు నడిపాడు, ఇప్పుడీ కథంతా విన్నాడు. నా పేరు ఉందో లేదో నేను అడగలేదు.

“పోనీ, సచిన్ ఉన్నది గదరా నీకు,” అన్నాడు రాజనర్సు.

“మొన్ననే వద్దన్న. పొద్దుగాల చెప్పిన, మాపటికల్ల శ్యాంసుందర్ నిలబడ్డడు ఆ సాంచెల మీద.” వాడు గంగారాం వైపు తిరిగాడు. “నువ్వు కోతలు కోస్తవని నాకెరుక మామా. రష్యా నమ్మలేదు, కంప్యూటరు నమ్మలేదు. నీ మాటల ముప్పావు తీసేసిన. సేటుకు నా పేరు చెప్పినవని, గా పావు నమ్మిన.”

నాకు గంగారాం మీద జాలి కలగలేదు, ఒళ్లు మండింది. పదిహేను రోజులుగా పక్కన కూర్చుని ఎగదోసిన మా మీద ఇంకా మండింది.

“డబ్బ నిజంగ నేనే ఏరిన రా,” అన్నాడు గంగారాం. “ఆ మెట్ల మీద కూసున్నది నీ పేరు చెప్పుదామనే. ఒక్కడన్న కిందికి దిగలేదు. గంతసేపు కూసొని చెప్పలేకపోయిన అని, ఇంటికొచ్చి నీతోని ఎట్లనాలె?”

మల్లేష్ తాగని గ్లాసు బండి మీద పెట్టాడు.

“గా ఒక్క ముచ్చట చెప్తే నేను సచిన్ పోదును గద, మామా.”