పర్సోం అంటే ఏ రోజు

నా పేరు ఏరుకొండ లక్ష్మీనర్సమ్మ. భర్త పేరు ఐలేశం. వయసు నలభై నాలుగేళ్లు. నల్లగొండలో ఒక మహిళా జూనియర్ కళాశాలలో చరిత్ర పాఠం చెబుతాను. నివాసం రామగిరి, నల్లగొండ. ఈ రోజు 1994 నవంబర్ 22, మంగళవారం, ఉదయం పదకొండు గంటలకు పోలీస్ స్టేషన్‌లో ఇన్‌స్పెక్టర్ గారు అడుగుతుండగా, హెడ్ కానిస్టేబుల్ పర్వతాలు గారు రాస్తుండగా, అజీజా బేగం విషయంలో నాకు తెలిసింది చెబుతున్నాను.

అజీజా బేగం మా కళాశాలలో అటెండర్. వయసు నలభై ఎనిమిది. ఊరు పానగల్. భర్త ఫక్రుద్దీన్ లారీ నడిపేవారు, ఆరేళ్ల కిందట చనిపోయారు. ఆపా, అంటే అక్కా, అని పిలుస్తూ ఆమెను నేను పద్నాలుగేళ్లుగా ఎరుగుదును. ఎరుగుదును అనే మాట ఆలోచించే వాడుతున్నాను. నవంబర్ 12 మధ్యాహ్నం దాకా ఆ మాట మీద నాకు అనుమానం రాలేదు.

కొత్తగా వచ్చిన ఒక ప్రైవేటు విమానాల కంపెనీ, ఇద్దరు ఆడవాళ్లు కలిసి ఢిల్లీ వెళ్తే ఒకరికి సగం ధరేనని పత్రికలో వేసింది. పంతొమ్మిదేళ్లుగా నేను ఎర్రకోట పటం బోర్డు మీద గీసి పాఠం చెబుతున్నాను. కోటను ఎప్పుడూ చూడలేదు. గది కిరాయికి తీసుకునే స్తోమత లేదు కాబట్టి, రెండో శనివారం సెలవు రోజున పొద్దున పోయి సాయంత్రం రావాలనుకున్నాను. మా ఇంట్లో వాళ్లకు విమానమంటే భయం. అజీజా బేగం తానే వస్తానని అడిగింది.

ప్రయాణానికి ముందు గురు, శుక్రవారాలు, అంటే నవంబర్ 10, 11 తేదీల్లో, ఆమె కళాశాలకు రాలేదు. సెలవు చీటీలో జ్వరమని ఉంది. శనివారం ఉదయం ఐదు గంటలకు నేరుగా బేగంపేట విమానాశ్రయం గేటు దగ్గర కలిసింది. సంచిలో జొన్నరొట్టెలు, ఎల్లిపాయ కారం ఉన్నాయి. జ్వరం వచ్చి తగ్గిన మనిషిలా లేదు. ఎక్కడి నుంచి వస్తున్నావని నేను అడగలేదు.

విమానం ఆరుంబావుకు బయలుదేరింది. ఎనిమిదిన్నరకల్లా ఢిల్లీలో దిగి, సిటీ బస్సులో పది గంటలకు ఎర్రకోట చేరాం. లోపలికి పోకముందే అజీజా బేగం ఆగి, "నువ్వు బోర్డు మీద గీసే దర్వాజ నది దిక్కు ఉంటది గద మేడం. గిది బజారు దిక్కు ఉంది" అంది. రోజూ నా బోర్డు తుడిచేది ఆమే. ఆమె చెప్పిందే నిజం. పంతొమ్మిదేళ్లు తప్పు గీశాను. కేసుకు ఇది అవసరం లేదని తెలుసు. అయినా రాయమని కోరుతున్నాను, ఎందుకంటే ఆ తరువాత నాలుగు గంటలు తిరగకుండానే ఆమె చెప్పిన ఇంకో మాటను నేను నమ్మలేదు.

కోట లోపల గడ్డి మీద కూర్చుని రొట్టెలు తిన్నాం. ఒంటిగంటకు జామా మసీదు పక్క సందులోకి వెళ్లాం. అక్కడ ఒక వెండి దుకాణం ముందు ఆమె నిలబడిపోయి, ఇదే దుకాణమంది. కొంగు ముడి విప్పి సుర్మాదాని తీసింది. అది కంటికి పెట్టుకునే సుర్మా పోసుకునే చిన్న వెండి భరిణె. దాని మూత వదులైంది, బిగించి ఇమ్మని యజమానికి ఇచ్చింది. ఆయన తిప్పి చూశాడు. అడుగున ఆ దుకాణం ముద్ర ఉంది. ఎప్పుడు తీసుకున్నారని అడిగాడు. ఆమె ఉర్దూలో, పర్సోం, అంటే మొన్న, మీ దగ్గరే తీసుకున్నామని చెప్పింది.

శనివారం నాడు మొన్న అంటే గురువారం. ఆ గురువారం మధ్యాహ్నం ఎవరో ఆడవాళ్లు బేరమాడుతున్నట్టు నిలబడి ఆ దుకాణంలో ఒక పళ్లెం భరిణెలు ఎత్తుకుపోయారట. అది మాకు తెలియదు. ఆయన షట్టర్ సగం దించాడు. ఒంటిగంటా యాభైకి మేము పోలీసు చౌకీలో ఉన్నాం.

అక్కడి అధికారి ఎప్పుడు కొన్నావని మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ ఆమె పర్సోం అనే చెప్పింది. కొన్నది తన భర్త అని కూడా చెప్పింది. భర్త ఎక్కడని అడిగితే చనిపోయాడంది. చనిపోయినవాడు మొన్న ఎట్లా కొన్నాడని వాళ్లు నవ్వారు. నాకు ఉర్దూ అర్థమవుతుంది, నేనూ మన వైపు మనిషినే. అయినా ఆ మాటను నేను కూడా ఢిల్లీవాళ్లు విన్నట్టే విన్నాను.

గురువారం ఈమె ఎక్కడుందని నన్నడిగారు. తెలియదన్నాను. సెలవు చీటీలో జ్వరమని ఉందన్నాను. జ్వరం వచ్చిన మనిషిలా ఉందా అంటే, లేదన్నాను. నేను అబద్ధమాడలేదు. అడిగిన దానికి నిజమే చెప్పాను. ఆమె నా వైపు ఒకసారి చూసి కొంగు సర్దుకుంది. గురువారం ఎక్కడున్నావంటే ఆమె ఏమీ చెప్పలేదు.

మా టికెట్ల మీద ఆ రోజు తేదీ ఉండబట్టి నాలుగూ నలభైకి వదిలారు. సుర్మాదాని ఉంచుకున్నారు. పదో తేదీన ఈమె ఎక్కడుందో మీ ఊరి పోలీసులు రాసి పంపాలి, లేకపోతే కేసులో పేరు చేరుస్తామన్నారు. పేరు చేరితే ఆమె ఉద్యోగం పోతుంది.

ఏడున్నర విమానంలో పక్కపక్కనే కూర్చున్నాం. అప్పుడామె కిటికీ వైపు చూస్తూ అంది:

"పర్సోం వచ్చినప్పుడు రైల్ల రెండు దినాలు పట్టింది మేడం. షంషాద్ కడుపుల ఉండె. తొవ్వ పొడుగునా వాంతులే."

"షంషాద్ కడుపులో ఉన్నప్పుడా? పర్సోమా ఆపా?"

"అవ్. పర్సోమే."

షంషాద్ ఆమె కూతురు. ఇరవై మూడేళ్లు. నేను బెల్టు విప్పి లేచి నిలబడ్డాను. విమానంలో పనిచేసే అమ్మాయి వచ్చి కూర్చోమంది.

ఢిల్లీ ఉర్దూలో పర్సోం అంటే నిన్నటికి ముందు రోజు, అంతే. మన వైపు ఉర్దూలో పర్సోం అంటే అయిపోయిన రోజు ఏదైనా. మనం తెలుగులో మొన్న అన్నట్టే. ఆ భరిణె కొన్నది 1971లో.

గురువారం సంగతి అప్పుడడిగాను. ఆమె చెప్పింది: "పాలమూరు దవాఖానల షంషాద్‌కు కొడుకు పుట్టిండు. నీకు చెప్తే పురుడు ఇడిసిపెట్టి ఢిల్లీ ఏంది అంటవని జరమని రాసిన. మా ఆయన పోయినంక ఆ గల్లీ ఒక్కసారి చూడాలనుండె. చౌకీల నీ ముంగట నా చీటీ అబద్ధమని ఎట్ల చెప్పాలె?"

నన్నెందుకు నమ్మలేదని మాత్రం ఆమె అడగలేదు. మిగిలిన రొట్టె సగం విరిచి నాకిచ్చింది. తిన్నాను. ఆ రోజు పొద్దున్నుంచి నేను రుచి తెలిసి తిన్నది అదే.

సోమవారం ఆమె ప్రిన్సిపాల్ గారికి చీటీ సంగతి చెప్పుకుంది. నేను పక్కన నిలబడ్డాను. ఆయన చీటీ మార్చి రాయించుకున్నారు.

పాలమూరు, అంటే మహబూబ్‌నగర్, దవాఖాన కాగితం దీనితోపాటు ఇస్తున్నాను. నవంబర్ 10, మధ్యాహ్నం ఒంటిగంటా ఇరవైకి బాలింతకు తల్లిగా అజీజా బేగం పెట్టిన వేలిముద్ర ఉంది. 1991లో షంషాద్ పెళ్లి ఫోటో కూడా ఇస్తున్నాను. అందులో ఆమె అల్లుడి కంటికి సుర్మా పెడుతోంది, చేతిలో ఆ భరిణె కనబడుతుంది. వెనక స్టూడియో ముద్ర, తేదీ ఉన్నాయి.

ఇక్కడ పర్వతాలు గారు రాయడం ఆపి, "మొన్న అంటే మొన్ననే గద మేడం. గీ మాటను ఢిల్లీల ఎవరు ఒప్పుకుంటరు?" అన్నారు.

ఈ స్టేషన్‌కు మీరెప్పుడొచ్చారని అడిగాను.

"నేనా? మొన్ననే వచ్చిన."

ఈ స్టేషన్ తరఫున వరుసగా మూడేళ్లు మా కళాశాలకు పరీక్షల బందోబస్తుకు వచ్చింది ఈ పర్వతాలు గారే. ఆ మాటే అన్నాను. ఆయన కలం కింద పెట్టి ఇన్‌స్పెక్టర్ గారి వైపు చూశారు. ఇన్‌స్పెక్టర్ గారు నవ్వి, అది కూడా రాయమన్నారు. రాశారు. ఢిల్లీకి పంపే కాగితంలో ఈ సంగతి ముందు పెడతామని, భరిణె తెప్పిస్తామని చెప్పారు. అజీజా బేగం బయట బెంచీ మీద కూర్చుని ఉంది. ఈ సంగతి నేనే వెళ్లి ఆమెకు చెప్పడానికి అనుమతి అడిగాను. ఇచ్చారు.

పైన రాసిందంతా నాకు చదివి వినిపించారు. నేను కూడా రెండు చోట్ల "మొన్న ఢిల్లీకి పోయినప్పుడు" అన్నాను. ఆ రెండూ కొట్టివేయించి తేదీ వేయించి, పక్కన పొట్టి సంతకం పెట్టాను. మిగతాదంతా నేను చూసింది, విన్నది, చెప్పింది. ఇందులో అబద్ధం లేదు.

(సంతకం) ఏ. లక్ష్మీనర్సమ్మ
22-11-1994, మధ్యాహ్నం 12-35