అవతలి పేట స్తంభం మీద డోంకా

బుధవారం బుధవారం చర్చిలో పాటల బృందానికి వెళ్తున్నానన్నావు కదూ డోంకా? పదకొండేళ్లు! గొంతు పోతుందని నేనేమో లిండెన్ పువ్వుల టీ కాచి ఫ్లాస్కులో పోసిచ్చేవాణ్ణి. నాకంటే వెర్రిబాగులవాడు ఈ సోఫియా ఊళ్లో ఇంకోడున్నాడా?

ఉండు, ఈ గోధుమల గిన్నె నీ సమాధి మీద పెట్టనీ. ఉడకబెట్టింది నేనే, పంచదార ఎక్కువైంది. ఇవాళ నువ్వు పోయి నలభయ్యో రోజు, అయినవాళ్లంతా వచ్చి తలుచుకునే రోజు. నువ్వు పడుకో, నేను మాట్లాడతాను.

ఇక్కడి ఆనవాయితీ ప్రకారం నీ చావు కబురు కాగితాలు మన వీధంతా నేనే అంటించానా? తలుపుకొకటి, స్తంభానికొకటి, నీ ఐడీ కార్డు ఫొటోతో. మొన్న పళ్ల డాక్టరు దగ్గరికని బయల్దేరి, ట్రాములో కునుకు పట్టి, అవతలి పేటలో దిగాను. అక్కడ స్తంభం మీద నువ్వు. పళ్లన్నీ కనబడేలా నవ్వుతూ. అలాంటి ఫొటో మనింట్లో ఒక్కటైనా ఉందా? కింద ఏం రాసుందో తెలుసా? 'అమ్మా, నిన్ను మరవను. నీ కూతురు రుమ్యానా.'

మనకు కూతురెక్కడిదే? పిల్లల కోసం ఎన్ని ఆస్పత్రుల మెట్లెక్కాం?

పక్క కొట్టువాణ్ణి అడిగితే పై కిటికీ చూపించాడు. ఆ రుమ్యానాయే తలుపు తీసింది. నీ కనుబొమలే, ఇంక అడగడానికేముంది?

కాఫీ పెట్టి అంతా చెప్పింది. పంతొమ్మిదేళ్లప్పుడు, నన్ను ఎరగకముందే, తనను కని అనాథాశ్రమంలో ఇచ్చేశావట. పదకొండేళ్ల కిందట ఆస్పత్రి లిఫ్టు ఆగిపోయి ఇద్దరూ గంటన్నర ఇరుక్కున్నారట. మాటల్లో ఆ పిల్ల తను పుట్టిన ఊరూ, తేదీ, ఆశ్రమం పేరూ చెప్పేసరికి 'నిన్ను కన్నది నేనేనే' అని చెప్పేశావట.

మరి మనం కలిసిందెలా? వానలో ఎవరో అనుకుని నా గొడుగు కింద దూరలేదూ? నీ వెనకటి సంగతులు నేనెప్పుడైనా అడిగానా? లిఫ్టులో దొరికిన పిల్లను ఇంటికి తీసుకొస్తే కాదనేవాణ్ణా? నన్ను నాన్నా అని పిలవగల ఒక్క మనిషినీ బుధవారాల్లో దాచేశావు గదే.

సరే, ఇంకోటి చెప్పాలి. తిట్టకు.

నిన్ను పూడ్చిన రోజున ఆ పిల్ల శ్మశానం గేటు బయటే నిలబడిందట. మొన్న నేను వాళ్లింటి మెట్లు దిగుతుంటే వెనకాలే వచ్చి అడిగింది. "బాబాయ్, నలభయ్యో రోజుకి రానా? దూరంగా ఉంటాను."

"మావాళ్లు మాత్రమేనమ్మా" అన్నాను.

మావాళ్లట. పొద్దుటి నుంచీ ఒక్కణ్ణే నిలబడ్డాను డోంకా.