బాకా బాబాయ్ తియ్యటి నెత్తురు

నోరు గట్టిదైతే నడుం వంచక్కర్లేదని బాకా బాబాయ్ నమ్మకం. ఆ లాండ్రీలో మూటలు కట్టడం ఆయన పని. మూట ముడి వెయ్యడానికి ఒక చెయ్యి సరిపోదు గానీ, కథ మొదలెట్టాడంటే రెండు చేతులూ గాల్లోనే ఉంటాయి. ఇక మూటలెవరు కడతారు? పక్కనున్న పాపాత్ములు కడతారు.

లాండ్రీ వెనకాల తొట్ల దొడ్డి ఉంది. లాడ్జీల దుప్పట్లు, ఆసుపత్రి దుప్పట్లు అన్నీ అక్కడే నానుతాయి. ఎవరో ఒకరు పక్కన కూర్చుని కర్రతో కలియబెడుతూ ఉండాలి. పని తేలికే. కానీ గోడ అవతలే మురుక్కాలవ. వానలు మొదలయ్యాయంటే ఆ దొడ్డిలో దోమలదే రాజ్యం. అందుకని వారానికి ఒకరి వంతు అని మేస్త్రీ పెట్టాడు. వంతు తప్పించుకోవాలంటే సాయంత్రం టీ దగ్గర అందరి ముందూ కారణం చెప్పాలి. అది మేస్త్రీకి నచ్చితే వంతు తర్వాతివాళ్ళకి పోతుంది. చెప్పిన కారణం మాత్రం మళ్ళీ మార్చడానికి వీల్లేదు.

ఈ వారం వంతు బాకా బాబాయ్‌ది. ఆయన తర్వాత దుప్పట్లు మడతపెట్టే మడతలక్కది.

అందుకే ఆమెకి టీ గొంతు దిగడం లేదు. కిందటిసారి దొడ్డిలో కూర్చున్నప్పుడు గోకి గోకి కాళ్ళు పుళ్ళు పడ్డాయి, ఇంకా మానలేదు. పక్కన ఎవరున్నా సరే, దోమలు వాళ్ళని దాటుకుని మరీ వచ్చి ఈవిణ్ణే కుట్టేవి. నేనేం పాపం చేశాను తల్లీ, వీటికి నేనే దొరికానా అని ఏడుపొచ్చేది. ఇంట్లో పాలు తాగే పిల్ల ఉంది. తను జ్వరంతో పడితే దాన్ని ఎవరు చూస్తారు? బాబాయ్ నోరు విప్పుతుంటే ఆమె గ్లాసు పక్కన పెట్టేసింది.

“మేస్త్రీగారూ, నేను చెయ్యనంటం లేదు,” అని మొదలెట్టాడు బాబాయ్, గ్లాసు కింద పెట్టి. “పనంటే నాకు ప్రాణం. కానీ నా నెత్తురు మీ అందరి నెత్తురు లాంటిది కాదు. తియ్యన. నలుగురిలో నన్ను కూర్చోబెట్టండి, దోమ ముగ్గుర్ని వదిలేసి నా దగ్గరికే వస్తుంది. మా బావమరిది పెళ్ళిలో హాలు నిండా చుట్టాలు పడుకున్నాం. తెల్లారి లేచి చూస్తే ఒక్కరి ఒంటి మీద చిన్న దద్దురు లేదు. నా మొహం మాత్రం బూరెలా... ఛ, బూరె కాదు, బొంతలా ఉబ్బిపోయింది. మా ఆవిడే గుర్తుపట్టలేక ‘ఎవరండీ మీరు’ అంది.”

“గుర్తుపట్టకపోవడం ఆవిడ అదృష్టం,” అన్నాడు ఇస్త్రీ తమ్ముడు.

“నవ్వరా నవ్వు. నువ్వు ఇస్త్రీ పెట్టె ముందు నిలబడి మాడిపోయిన సరుకువి, నిన్ను దోమ మూతి కూడా పెట్టదు. సరే, ఇదేదో రోగమేమోనని ఆసుపత్రికెళ్ళానా, కాంపౌండరు నా వేలి మీద సూదితో ఇలా గుచ్చాడు. చిన్న చుక్క. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కిటికీ నల్లబడింది! మబ్బు పట్టిందనుకున్నాడు వాడు. మబ్బు కాదురా బాబూ, దోమలు! మూడు వీధుల అవతల నుంచి వాసన పట్టుకుని వచ్చాయి. కాంపౌండరు సూది అక్కడే పారేసి బల్ల కింద దూరాడు. ఇప్పటికీ నేను ఆ వీధిలో కనబడితే వాడు తలుపేసుకుంటాడు, కావాలంటే వెళ్ళి అడగండి.”

“అప్పు అడుగుతావని తలుపేసుకుంటాడేమో,” అని మేస్త్రీ నవ్వాడు. నవ్వుతూనే ఇంకో గ్లాసు టీ బాబాయ్ వైపు జరిపాడు. మడతలక్కకి అది చూసి ఒళ్ళు మండింది. మేస్త్రీకి కథంటే పిచ్చి. కథ బాగుంటే కారణం కూడా బాగున్నట్టే ఆయనకి.

“అది సరేనండీ, అసలు సంగతి మా అత్తారి ఊళ్ళో జరిగింది,” బాబాయ్ ముందుకి జరిగాడు. “కొత్తల్లుడినని డాబా మీద మంచం వేశారు. అలా కళ్ళు మూతలు పడుతున్నాయా, మంచం కదిలింది. ఏమిటా అని చూస్తే మంచం కోళ్ళు నాలుగూ గాల్లో ఉన్నాయి! కింద దోమలు, పైన నేను. మా అత్తగారు పెరట్లో నుంచి తలెత్తి చూసి ‘అల్లుడుగారూ, ఎక్కడికండీ?’ అంది. నాకేం తెలుసు! వీటినే అడగండి అన్నాను.”

“ఓరి నాయనో! పడిపోలేదూ?” అన్నాడు మేస్త్రీ.

“పడనిస్తాయా? ప్రాణంలా చూసుకున్నాయి. ఈలోగా పక్కవీధి దోమలు వచ్చి మంచం రెండో వైపు పట్టుకున్నాయి. మాదంటే మాదని గొడవ. జుట్టూ జుట్టూ పట్టుకున్నాయి.”

“దోమలకి జుట్టెక్కడిది బాబాయ్?” అన్నాడు ఇస్త్రీ తమ్ముడు.

“నా నెత్తురు తాగినవాటికి మొలిచిందిరా! మధ్యలో మాట్లాడకు. చివరికి నేనే లేచి కూర్చుని తీర్పు చెప్పాను. ‘ఆగండే! ఆడవాళ్ళయ్యుండి మీకిది మర్యాద కాదు. వరసలో నిలబడండి, అందరికీ అందుతుంది’ అన్నాను. కుట్టేవన్నీ ఆడదోమలేగా. అందుకే మా ఆవిడకి మంట. ‘ఊళ్ళో ఉన్న ఆడవాళ్ళంతా మీ చుట్టూనే’ అని పుట్టింటికి వెళ్ళిపోతానంది. పుట్టింట్లోనే ఉన్నావు కదే అన్నాను.”

టీ తాగుతున్న మేస్త్రీకి పొలమారింది. ఇస్త్రీ తమ్ముడు ఆయన నెత్తి మీద తట్టాడు.

బాబాయ్‌కి ఇక పట్టపగ్గాల్లేవు. “ఆ తర్వాత ఏమైందో తెలుసా? నేనున్నన్నాళ్ళూ ఆ ఊళ్ళో ఒక్క మనిషిని, ఒక్క గొడ్డుని, ఒక్క పసిపిల్లని దోమ ముట్టుకోలేదు. జనం తలుపులు బార్లా తీసుకుని పడుకున్నారు. దోమతెరలు అమ్మేవాడు కొట్టు మూసేసి నా కాళ్ళ మీద పడ్డాడు. ‘అయ్యా, పిల్లలుగలవాణ్ణి, మీరు దయచేసి మీ ఊరు వెళ్ళిపోండి’ అని భోరుమన్నాడు. నేను రైలెక్కితే ఊరి దోమలన్నీ పెట్టె మీద ఎక్కి కూర్చున్నాయి. బరువుకి ఇంజను కదల్లేదు! అలాంటి నన్ను, మేస్త్రీగారూ, ఆ మురుక్కాలవ పక్కన కూర్చోబెడితే దుప్పట్లతో పాటు నన్ను కూడా తాగేస్తాయి. తర్వాత మీ ఇష్టం.”

అందరూ పడీపడీ నవ్వారు. మేస్త్రీ కళ్ళు తుడుచుకుని, “నీ నోరు పడా! ఇంత కారణం ఇంతవరకూ ఎవరూ చెప్పలేదయ్యా,” అని మడతలక్క వైపు తిరిగాడు. “అమ్మా, అయితే రేపట్నుంచి తొట్ల దగ్గర...”

మడతలక్క లేచి నిలబడింది.

“మేస్త్రీగారూ, నేను బాబాయ్ చెప్పింది నమ్మాను.”

నవ్వులు ఆగిపోయాయి. నమ్మినవాళ్ళు అంతవరకూ ఎవరూ లేరు మరి. బాబాయ్ కూడా కాస్త కంగారుపడ్డాడు.

“బాబాయ్, నువ్వుండగా ఆ ఊళ్ళో ఇంకెవర్నీ కుట్టలేదన్నావు. నిజమేగా?”

“నిజమా అని మెల్లగా అడుగుతావేంటమ్మాయ్! ఒక్కర్ని కుట్టిందని చూపిస్తే చెవి కోసి చేతిలో పెడతాను.”

“పసిపిల్లని కూడా ముట్టుకోలేదన్నావు.”

“ముట్టుకోలేదంటే ముట్టుకోలేదు!”

“అయితే మేస్త్రీగారూ, వంతులెందుకు మనకి?” అంది ఆమె. “నన్ను కూర్చోబెడితే నన్ను కుడతాయి. తమ్ముణ్ణి కూర్చోబెడితే తమ్ముణ్ణి కుడతాయి. ఇక్కడ కూర్చున్నవాళ్ళనీ వదలవు. బాబాయ్‌ని ఈ వానలు తగ్గేదాకా అక్కడే ఉంచండి. లాండ్రీ మొత్తం చల్లగా ఉంటుంది. ఊరి కోసం అంత చేసిన మనిషి మన కోసం ఈమాత్రం చెయ్యడా?”

ఇస్త్రీ తమ్ముడు ఈల వేశాడు.

“అది కాదమ్మాయ్...” అన్నాడు బాబాయ్. “అప్పుడంటే వయసులో ఉన్నాను. ఇప్పుడా తీపి ఎక్కడుంది? ఒంట్లో నెత్తురంతా నీళ్ళయిపోయింది. ఇప్పుడు దోమ నా మొహం కూడా చూడదు.”

“చూడకపోతే ఇక భయమెందుకు? హాయిగా వెళ్ళి కూర్చో.”

మేస్త్రీ అప్పటికే తొట్ల కర్ర తెచ్చి బాబాయ్ చేతిలో పెట్టాడు. “చెప్పిన కారణం మార్చడానికి లేదు బాబాయ్. మార్చినా, మార్చకపోయినా నువ్వే వెళ్ళాలి. ఇదెక్కడి చిత్రమో గానీ.”

బాకా బాబాయ్ కర్ర భుజాన వేసుకుని గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి తిరిగాడు. పాపం, ఈసారి గొంతులో నిజంగానే దిగులుంది. “అమ్మాయ్, కిందటిసారి దోమలు నిన్ను బాగా కుట్టాయిగా. అసలు కొందర్నే ఎందుకు పట్టుకుంటాయే? ఏదైనా ఉపాయం తెలిస్తే చెప్పు తల్లీ.”

మడతలక్క టీ గ్లాసు అందుకుంది. చల్లారిపోయినా ఇప్పుడు బ్రహ్మాండంగా ఉంది.

“మా వీధి నర్సమ్మని అడిగాను బాబాయ్. ఒక్కొక్కరి ఒంటి వాసన ఒక్కోలా ఉంటుందట, అది మన చేతిలో లేదు. కానీ దోమకి ముందు దారి చూపించేది మనం వదిలే ఊపిరేనంట. అందుకని నువ్వు చెయ్యాల్సింది ఒక్కటే.”

“ఏంటది?”

“నోరు మూసుకుని కూర్చో.”