గీతకు దూరంగా ఉన్న గూళ్లు

అధ్యక్షస్థానంలో ఉన్న డైరెక్టరు గారికి, నాకంటే ముందు ఈ చిత్తడిలో మోకాళ్లు అరగదీసుకున్న పెద్దలకు, నాతోపాటు బురద పూసుకున్న మిత్రులకు, ముందు వరుసలో కూర్చుని అప్పుడే గడియారం చూసుకుంటున్న మా ఆయనకు నమస్కారం. (నవ్వులు)

రిటైరవుతున్నానని ఇందాకటి నుంచీ అందరూ నన్ను నిక్కచ్చి మనిషి అంటున్నారు. మొదటి నుంచీ కాదని చెప్పడానికే నిలబడ్డాను.

కొత్తగా చేరినవాళ్ల కోసం ఒక్క మాట. నీటికోళ్ల గూళ్ల కోసం చిత్తడంతా గాలించడం ఎవరి తరమూ కాదు. అందుకని మ్యాపు మీద చీటీలు వేసి తిన్నని గీతలు గీసుకుని, ఆ గీత వెంట నడుస్తూ, కనబడిన ప్రతి గూడూ గీతకు ఎంత దూరంలో ఉందో టేపుతో కొలుస్తాం. కాళ్ల దగ్గరి గూడు కంటపడక మానదు. దూరమయ్యేకొద్దీ రెల్లు చాటున కొన్ని తప్పిపోతాయి. ఆ తగ్గే తీరును బట్టి, మనకు చిక్కనివి ఎన్నో అంచనా కడతాం. షరతు ఒకటే: గీత ఎక్కడ పడితే అక్కడ దిగాలి.

ఆ షరతు నేనే తప్పాను.

పంతొమ్మిదేళ్ల క్రితం చిత్తడి మధ్యగా రోడ్డు వేస్తామన్నారు, గూళ్లెన్నో చెప్పమని ఆ రోడ్డుకు అనుమతిచ్చే కమిటీ మమ్మల్ని అడిగింది. గడువు తక్కువ, బురద ఎక్కువ. నేను గట్టు వెంటే నడిచి, హెక్టారుకు పదకొండు గూళ్లని రాసి పంపేశాను. సంబరపడిపోయాను కూడా. అప్పుడు నా సహాయకుడు, జలగలన్నీ ఏరికోరి ఆయన్నే పట్టుకునేవి కనుక మనమంతా జలగ బాబాయి అని పిలిచే పెద్దమనిషి, టేపు కడుగుతూ అన్నాడు:

"అమ్మాయ్, కోప్పడనంటే ఒక మాట. మనం గట్టు దిగనే లేదు. ఈ పిట్టలకేమో గట్టు పక్క రెల్లంటేనే ప్రాణం. అక్కడే తిరిగి, చిత్తడంతా ఇంతేనంటే ఎట్లా?"

"రిపోర్టు వెళ్లిపోయింది బాబాయ్. అయినా ఈ అంకె పిట్టలకు మేలేగా!"

"మేలే. రేపు అవతలివాడు పట్టుకున్నాడనుకో, ఆ తర్వాత మనం నిజం చెప్పినా నమ్మేవాడెవడు?"

రెండు రోజులు అన్నం సయించలేదు. మూడోరోజు కమిటీ ముందుకెళ్లి, నా అంకె తప్పు, ఇరవై రోజులివ్వండన్నాను. "మా పని మీరే సులువు చేశారు మేడమ్" అని రోడ్డు ఇంజనీరు నవ్వాడు. అప్పటి మా అధికారి నెలరోజులు నా ముఖం చూడలేదు.

పన్నెండు గీతలు, నడుంలోతు బురద. మనుషులు చాలక మా ఆయన సెలవు పెట్టి టేపు రెండో కొస పట్టుకున్నారు. జలగను చూస్తే కళ్లు తిరిగే మనిషి, కళ్లు మూసుకునే పట్టుకున్నారు. (నవ్వులు) చివరికి తేలింది హెక్టారుకు నాలుగు. పదకొండెక్కడ, నాలుగెక్కడ! అయితే ఆ నాలుగును రోడ్డువాళ్లు తెచ్చుకున్న నిపుణుడే మళ్లీ నడిచి చూసి, కదిలించలేకపోయాడు. అంతేకాదు, గూళ్లే ఉండవని మేం వదిలేసిన పడమటి లోతులో మేం అనుకోనన్ని దొరికాయి. రోడ్డు అటు పోకుండా పక్కకు జరిగింది.

తూర్పు ముక్క మాత్రం పోయింది. ఆ రోడ్డున బస్సులో వెళ్తే ఇప్పటికీ కిటికీ పక్కన కూర్చోను. పదకొండు దగ్గరే నోరుమూసుకుని ఉంటే అదీ దక్కేదేమోనని నన్ను నేను అడగని ఏడాది లేదు. దక్కేదేమో. అయినా మళ్లీ అదే చేస్తాను.

డైరెక్టరు గారూ, వచ్చే సీజనుకు గీతలు సగం చేద్దామన్న ఫైలు మీ బల్ల మీద ఉందని విన్నాను. పెద్దవారు, చిన్నబుచ్చుకోకండి, దాని మీద సంతకం పెట్టకండి. సగం గీతలతో వచ్చిన అంకెను ఎవరైనా ఒక్కసారి ఉఫ్‌మంటే ఎగిరిపోతుంది. మనుషులు చాలరంటారా, రిటైరైనా నేను వస్తాను. ఏడో గీత నాకివ్వండి. అది బాగా లోతు, ఎలాగూ ఎవరూ అడగరు.

సార్ తలూపారు, అందరూ చూశారుగా? గుమస్తా గారూ, రాసుకోండి. (నవ్వులు, చప్పట్లు)

ఇంతసేపు ఓపిక పట్టిన మీకందరికీ, కళ్లు మూసుకునైనా టేపు వదలని ఆయనకీ కృతజ్ఞతలు. కొత్త బూట్లు కొనుక్కోవాలి, దుకాణం మూసేస్తారు. సెలవు.