వెనక్కి తీసుకున్న సంతకం: శ్రీమతి సునీల గారి వృత్తి ప్రస్థానం

1991 ఆగస్టు ఐదవ తేదీన శ్రీమతి సునీల గారు మన సంస్థలో రసాయన విశ్లేషకురాలిగా చేరారు. అప్పట్లో మన చమురు పరీక్షల ప్రయోగశాల బాలానగర్‌లో ఉండేది. శంషాబాద్ దగ్గరి తన ఊరు తొండుపల్లి నుంచి ఆరాంఘర్ వరకు ఒక బస్సు, అక్కడి నుంచి మరో రెండు మారి ఆమె విధులకు హాజరయ్యేవారు. సాయంత్రం ఇల్లు చేరిన కూతురి బట్టలు వాసన చూసి తల్లి యేసమ్మ గారు, "దఫ్తర్‌ల కొలువు చేస్తున్నవా, లారీ నడుపుతున్నవా బిడ్డా?" అని అడిగేవారట.

విమానాశ్రయం శంషాబాద్‌కు తరలివచ్చిన తరువాత, దూరతీరాల నుంచి విమానాల్లో వచ్చే ముడి చమురు నమూనాల కోసం మన ప్రయోగశాలా ఇక్కడికే వచ్చింది. అలా సునీల గారి ఉద్యోగమే ఆమె ఊరి పొలిమేరను వెతుక్కుంటూ వచ్చింది. ఆనాటికే ఆమె అస్ఫాల్టీన్ల పరీక్షల్లో నిపుణురాలు. ముడి చమురులోని అతి బరువైన నల్లని పదార్థాలే అస్ఫాల్టీన్లు. చమురులో కలిసిమెలిసి ఉన్నంతకాలం వాటితో పేచీ లేదు. పొత్తు కుదరని మరో చమురు తగిలితే మాత్రం గుంపుగూడి ముద్దకడతాయి, గొట్టాల్లోనూ ట్యాంకుల అడుగునా పేరుకుంటాయి. నీటి బిందువుల చుట్టూ తోలులా పట్టి, నూనె నుంచి నీటిని విడిపోనివ్వని ఎమల్షన్‌గా బిగిస్తాయి.

2014 వేసవిలో జరిగిన ఒక సంఘటనను ఇక్కడ చెప్పక తప్పదు. తీరప్రాంతంలోని ఒక నిల్వ కేంద్రం భారీ చమురునూ తేలిక చమురునూ ఒకే ట్యాంకులో కలపదలచి, వాటి పొత్తు తేల్చమని మనను కోరింది. సునీల గారు పరీక్షించి, కలపవచ్చునని సంతకం చేసి పంపారు. ఆ నెలలోనే ప్రయోగశాల అధిపతి పదవికి ఆమె పేరు పరిశీలనలో ఉంది.

సంతకం చేసిన రోజు మధ్యాహ్నమే నిల్వ కేంద్రం అధికారి కృతజ్ఞతలు చెప్పడానికి ఫోన్ చేశారు. "తేలిక చమురు ట్యాంకులో నింపేశామండీ. ఇంకాసేపట్లో దాంట్లోకి భారీ చమురు వదులుతున్నాం."

సునీల గారు వెంటనే పొద్దున రాసుకున్న పరీక్ష వివరాలు తెరిచి చూశారు. ఆమె పరీక్షించింది భారీ చమురులోకి తేలిక చమురును కొద్దికొద్దిగా పోసి. పాళ్లు ఒకటే, పోసే వరుసే వేరు. తేలిక చమురు నిండుగా ఉన్నచోట భారీ చమురు పడితే అస్ఫాల్టీన్లు ఒక్కసారిగా ముద్దకట్టవచ్చు. అలా కట్టిన ముద్ద, ఆపైన పాళ్లు సరిపోయినా తొందరగా కరగదు. దేనిలో ఏది పోస్తారని ఆమె అడగలేదు, వారూ చెప్పలేదు.

ఆమె నేరుగా మేనేజరు శ్రావణ్‌కుమార్ గారి గదిలోకి వెళ్లి, చమురు వదలడం ఆపించమన్నారు.

"సంతకం మీదే కదా మేడమ్? ఇప్పుడు ఆపమంటే వాళ్లు ఊరుకుంటారా?"

"సంతకం నాదే సార్. తప్పు గూడ నాదే. ముందుగాల వాల్వు మూసి ఉంచుమని చెప్పుండ్రి."

"మళ్లీ చేసిన పరీక్షలో ఏమీ తేలకపోతే?"

"అప్పుడు రెండు తప్పులూ నా పేరు మీదనే రాసుకోండ్రి."

ఆయన ఫోన్ అందుకున్నారు. నిల్వ కేంద్రం సాయంత్రం వరకే గడువిచ్చింది.

సునీల గారు ఈసారి వరుస మార్చి కలిపారు. వేడి చేసి, ఆగి, గాజుకడ్డీతో ఒక్క బొట్టు వడపోత కాగితం మీద వదిలారు. పక్కనే నిల్చున్న సహ విశ్లేషకుడు ఉపేందర్ గారు ఉండబట్టలేకపోయారు. "నీ నొసట ఎన్నడూ బొట్టు పెట్టుకోవు గని, కాగితానికి మంచిగ పెడ్తవక్కా!"

"జర ఊపిరి మెల్లగ ఇడువు తమ్మీ. కాగితం కదుల్తది."

బొట్టు గోధుమరంగుగా పరుచుకుంది. చాలాసేపు వేరే ఏమీ కనబడలేదు. ఆమె కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు. అప్పుడు నట్టనడుమ కాటుకలాంటి వలయం తేలింది, అంటే అస్ఫాల్టీన్లు ముద్దకట్టాయన్నమాట. అదే మిశ్రమాన్ని ఉప్పునీటితో కలిపి కుదిపిన సీసాలోనూ నీరు అడుగుకు దిగలేదు.

"ఇగ పరేషాన్ లేదక్కా, నువ్వన్నదే అయింది," అన్నారు ఉపేందర్ గారు.

"నేనన్నది అయితే సంబురమేంది? పొద్దుగాల అన్నది గూడ నేనే గద."

నిల్వ కేంద్రం తేలిక చమురును మరో ట్యాంకుకు మళ్లించి, భారీ చమురును ముందు నింపి, పనిని క్షేమంగా ముగించింది. ఆలస్యానికి మాత్రం గట్టిగానే ఫిర్యాదు చేసింది. అధిపతి పదవి ఆ ఏడాది సునీల గారికి రాలేదు, తరువాతా రాలేదు. కానీ దేనిలో ఏది పోస్తారో అడగకుండా మన దగ్గర చమురు పొత్తు పరీక్ష ఏదీ ఆ తరువాత మొదలుకాలేదు.

మొన్న టీ తాగుతూ ఉపేందర్ గారు, "గా కుర్చీ పోయిందని రంది లేదా అక్కా?" అని అడిగారు.

"ఎందుకుండదు తమ్మీ, ఉండె. నాలుగు దినాలు బువ్వ గూడ సయించలె. గని నా సంతకాన్ని నేనే నమ్మనప్పుడు ఆ కుర్చీల ఎట్ల కూసుందు?"

ఈ నెలాఖరున సునీల గారు సీనియర్ విశ్లేషకురాలిగానే పదవీ విరమణ చేస్తున్నారు. భర్త ఎజ్రా గారితో, పిల్లలతో ఆమె నిండు ఆరోగ్యంతో చిరకాలం వర్ధిల్లాలి. కంటికి చూపూ, చేతికి నిలకడా తరగకుండా ఉండాలి. ఇన్నేళ్లూ ఇతరుల ట్యాంకుల కోసం పోగొట్టుకున్న నిద్రంతా తన ఇంట తనివితీరా దక్కాలని మనందరం మనసారా కోరుకుందాం.