గ్లాసు లోపలి పూలు

ఏందే నీరజా, మిద్దె మీది దావతుకేనా గీ గ్లాసులకు రంగులు? కరోనాకు పదిమందినే పిలిచినవంట, మంచిది. పూలు బయటనే ఎయ్యి బిడ్డా. మీ చిన్నతాతనైతే లోపల ఏసిండు. నవ్వకు, ఇను. ఎనుకట మన సూరత్‌ల ప్లేగొచ్చె సూడు, దాని తర్వాతి ఎండకాలం. మీ తాత ఖటోదరా బస్తీల చీరెలు నేసే కరెంటు మగ్గం, గదే సాంచ, నడుపుతుండె, నేను పక్క కార్ఖానల నూలు కండెలు చుడుతుంటి. మా ముచ్చట అమ్మకు తెలిసింది. మా అమ్మ కొమురవ్వంటే మామూలుదా! "సాంచ తప్ప ఏమస్తది వానికి? ఐతారం ఊరికి పోతున్నం, పిల్లగాడు నిన్ను చూడస్తడు" అన్నది. ఇగ మీ తాత, అమ్మకు తన పనితనం చూపియ్యాలని, ఉధ్నా బస్తీల మా మిద్దె మీద షర్బతు దావతు వెట్టిండు. ఇరువై గ్లాసులకు పూలేసిండు. రంగేంది? నూలుకద్దే నీలం! సాంచ మీద పూల చీర ఉల్టా నేస్తరు బిడ్డా, మంచి మొకం కిందికుంటది, నేసెటోనికి ఎన్కపక్కనే కనవడ్తది. పదేండ్లు గట్ల చూసిన కండ్లాయె. గ్లాసుకు గూడ లోపలేస్తెనే మంచి మొకం బయటికొస్తదనుకున్నడు. మా పక్కింటి బాలవ్వ తాగి "అబ్బ, సల్లగున్నదిరా" అని నోరు తెరిచింది. నాలుక నీలం! ఎదురింటి బక్కయ్య చూసి "వామ్మో, ప్లేగు మళ్లొచ్చింది!" అని ఒకటే లొల్లి. ఆయన నాలుక గూడ నీలమే, ఆయనకెట్ల కనవడ్తది? చెప్పులిడిచి అందరు ప్లేగప్పటి లెక్కనే స్టేషన్ దిక్కు ఉరుకుడే! మీ తాత పళ్లెం పట్టుకొని "అరే, రంగు భయ్, రంగు" అంటడు, ఎవలింటరు? ఆయన వేళ్లు చూసిన, గదే నీలం. ఉత్త రంగే అని నాకు సమజైంది, గటగట తాగిన. అమ్మ నెత్తి కొట్టుకున్నది. నాలుగు రోజులు నా మూతి నీలమే. గా మూతిని పిల్లగానికెట్ల చూపిస్తది? ఊరి బండి పాయె, గా పిల్లగానికి ఇంకో సంబంధం కుదిరె. "నా బిడ్డ మూతి ఖరాబు జేసినవు, ఇగ నువ్వే చేసుకో" అని తిట్టుకుంటనే అమ్మ ఒప్పుకున్నది. మీ తాత సచ్చేదాంక ఒకటే గొప్ప, "నా రంగు నాలుగు రోజులు పోలే" అని. బాలవ్వ నాలుక రంగైతే తెల్లారేసరికే పోయింది. నేను గా గ్లాసొకటి కొంగుల దాసుకొచ్చి, గా నాలుగు రోజులు పొద్దుగాల ఇన్ని నీళ్లు పోసుకొని తాగి... ఆఁ? గదేం లేదు. నీ మూతికి రంగంటింది, తుడుసుకో.